అరకు రైల్లో మా అత్త

సోమవారం పొద్దున్నే మా మేనత్త కన్నుమూసింది. ఫోన్ చేసిన బావ "అమ్మ ఎల్లిపోనాదే" అని ఒక్క ముక్క అని ఆగిపోయాడు. వెనకనుంచి ఆడవాళ్ళ ఏడుపులు వినిపిస్తున్నాయి. ఆ క్షణాన నాకు తట్టిన మొదటి ఆలోచన చెబితే మీకు వింతగా ఉంటుంది. ఇంతమంది అరుస్తుంటే అత్త ఇంకా లేవలేదేమిటి అనుకున్నాను.

శ్రీకూర్మం దగ్గర సముద్రపొడ్డున వాళ్ళ ఊరు. చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అమ్మేది. ఎక్కడ ఎవరు గట్టిగా కేక వేసినా చేతిలో పని అక్కడే పడేసి, పొలుసు అంటిన చేతులతోనే "ఏటైనాదర్రా?" అంటూ పరుగెత్తేది. తీరా చూస్తే ఏ కోడినో తోలుతున్న కేక అయ్యుండేది. అయినా విసుక్కునేది కాదు. "ఎల్లి సూసొస్తే పోయిందేటి?" అనేది. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు మేం పిల్లలం పడవల చాటున నక్కి కావాలనే కేకలు పెట్టేవాళ్ళం. ఆమె రొప్పుతూ వచ్చేసరికి పారిపోయేవాళ్ళం. అలా ఎందుకు పరుగెత్తుతుందో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నాలుగేళ్ళ క్రితం అత్త ఆమదాలవలసలో రైలెక్కి, విజయనగరంలో మా ఇంటికి వచ్చింది. నేను ఇక్కడే స్కూల్లో పాఠాలు చెబుతాను. ఆదివారం కదా, ఉదయం వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దాం, అరకు చూపిస్తానన్నాను.

"కొండకి బొక్కెట్టి రైలు తోల్తారంట గదే. మీద కూలిపోతేనో?"

"సముద్రం మీద బతికినదానివి, కొండకి భయపడతావేంటత్తా?"

"సముద్రవంటే బయ్యం లేదని నీకెవులు సెప్పినారే?" అంది. నేను దాన్ని వేళాకోళం కిందే తీసుకున్నాను. బలవంతాన బయల్దేరదీశాను. ఆ బలవంతం తలచుకుంటే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

బస్సులో ఎస్.కోట వెళ్ళి అక్కడ పాసింజరు ఎక్కాం. తలుపుకి దగ్గరలో సీట్లు దొరికాయి. అటుపక్క విహారానికి వచ్చిన కాలేజీ పిల్లలు పదిమంది దాకా ఉన్నారు. బొడ్డవర దాటాక రైలు కొండెక్కడం మొదలుపెట్టింది. ఓ పక్క గోడలా రాయి, ఇంకో పక్క చూపు ఆననంత లోయ. పెట్టెలో అందరూ కిటికీలకి అతుక్కుపోతే అత్త మాత్రం తన కాళ్ళకేసి చూస్తూ కూచుంది. పులిహోర పెడితే ముట్టలేదు.

మొదటి సొరంగం చిన్నది, కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది. రెండోదానికి ముందు ఆ పిల్లలు సరదాకి లైట్లు ఆర్పేశారు. రైలు లోపలికి దూరగానే గొంతులు చించుకుని ఒక్కసారిగా కేకలు పెట్టారు. ఆ దారిలో అందరూ చేసే అల్లరే అది. నాకు తెలుసు. అత్తకి తెలియదని నాకు తట్టలేదు.

నా చేతిలోంచి ఆమె చెయ్యి జారిపోయింది. పక్కన తడిమితే సీటు ఖాళీగా ఉంది. తలుపు తెరిచే ఉందన్న సంగతి గుర్తొచ్చింది. "అత్తా! అత్తా!" అని అరిచాను. చుట్టూ పదిమంది అరుస్తుంటే నా అరుపు ఎవరికి వేరుగా వినిపిస్తుంది? నేనూ వాళ్ళతోపాటు సరదా పడుతున్నాననే అనుకుని ఉంటారు. అంత భయం నా జన్మలో మళ్ళీ ఎరగను.

వెలుగొచ్చేసరికి ఆమె తలుపు దగ్గర ఉంది. ఒంటి చేత్తో కడ్డీ పట్టుకుని, నడుం దాకా బయటికి వంగి, వెనకటి చీకట్లోకి చూస్తోంది. పరుగున వెళ్ళి చీర కుచ్చిళ్ళు దొరకబుచ్చుకుని లోపలికి లాగాను.

"ఎవులో పడిపోనారే. అరుస్తన్నారు. ఇనలేదేటే నువ్వు?"

ఎవరూ పడలేదని, అవి సంబరం కేకలని చెప్పాను. సీట్లో కూలబడి ఆయాసం తీర్చుకుంది. తర్వాత నాకేసి చూడకుండా చెప్పింది.

"మీ మావ పోన్రోజున మంచు దట్టంగా పట్టీసింది. ఒడ్డుకి దగ్గర్లోనే కేకలినిపించినాయి. వల బరువుగా ఉంటే మగోళ్ళు అలాగే అరుస్తారు గదా. ఈయాల బాగా పడ్డాయి సేపలు, అనుకున్నాను. గంప కడుక్కుంటా కూకున్నాను. తెప్ప తిరగబడిపోనాదని నాకేటి తెలుసు?"

చిన్నప్పుడు పడవల చాటున మేం పెట్టిన కేకలన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. ఏం చెయ్యాలో తెలియక ఆ పిల్లల మీద పడ్డాను. మళ్ళీ నోరెత్తితే ఊరుకోనని కసిరాను. పాపం, బిక్కచచ్చిపోయి లైట్లు వేసేశారు. తర్వాతి సొరంగంలో పెట్టెలో చక్రాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. అత్త మొహం చూస్తే నెత్తురు లేదు.

"ఊరుకోమనకే," అంది గొణుగుతూ. "ఆ రోజూ కేకలాగిపోనాకే అంతా అయిపోనాది."

తనే లేచి, ఊగే పెట్టెలో తడబడుతూ ఆ పిల్లల దగ్గరికి వెళ్ళింది. "అరవండర్రా. నేనేటీ అననమ్మా. గానీ ఆకర్న నవ్వండి. నవ్వితే బాగున్నారని నాకు తెలుస్తాది."

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక అమ్మాయి సరే మామ్మా అంది.

తర్వాతి సొరంగం పొడుగాటిది. కేకలు మొదలయ్యాయి. అత్త గోళ్ళు నా మణికట్టులో దిగాయి. అరుపులు సాగాయి, సాగాయి, ఆఖర్న అటుపక్కంతా గొల్లుమని నవ్వారు. గోళ్ళు మాత్రం వదలలేదు. వెలుగులోకి రాగానే నా వైపు తిరిగింది.

"నువ్వు నవ్వలేదేటే?"

నేను పక్కనే ఉన్నాను కదత్తా, చెయ్యి పట్టుకునే ఉన్నావు కదా అన్నాను. తల అడ్డంగా ఊపింది. అంతలో మరో సొరంగం. నాకు నవ్వు ఎక్కడుందో తెలియలేదు. తెరిచున్న ఆ తలుపువైపే చూస్తూ, ఏడుపో నవ్వో తెలియని చప్పుడుతో నవ్వాను, ఆమెకి వినబడేంత గట్టిగా. నా మణికట్టు మీద వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి.