రాదని రాసివ్వమన్నాను

సహోదరులారా, సౌమ్యంగా సాక్ష్యం చెప్పడం నాకు చేతకాదు, కోపం ఇంకా గొంతులోనే ఉంది, అయినా దేవుడు చేసిన మేలు దాచుకోలేక నిలబడ్డాను.

నా భర్త పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసి, ఇంటికొచ్చిన కొన్నాళ్లకే గుండెపోటుతో పోయారు. మా ఒక్కగానొక్క బిడ్డ రూతుకు పన్నెండో ఏట నుంచి షుగరు, రోజూ ఇన్సులిన్ పడాల్సిందే, అది వాళ్ల నాన్న సర్వీసు మీద ఇచ్చిన ఆసుపత్రి కార్డుతోనే వచ్చేది. రూతు నర్సింగ్ ఆఖరి ఏడాదికి వచ్చాక కార్డు ఆపేశారు! కార్డుల ఆఫీసుకు పరుగెత్తితే గుమస్తా మేము కార్డు కోసమిచ్చిన రూతు ఫోటో చూసి, "నర్సు బట్టలేసుకున్నదంటే నౌకరీ చేస్తున్నట్టే గదమ్మా! సంపాదించే బిడ్డకు కార్డెందుకు?" అన్నాడు. వార్డులో పనికి జీతం లేదు, అది చదువులో భాగమని కాలేజీవాళ్లు రాసిచ్చిన కాగితం ముట్టుకోనైనా లేదు. సోమవారం రమ్మన్నాడు, మళ్లీ సోమవారం రమ్మన్నాడు, అలా మూడు నెలలు!

పటాన్‌చెరు మందుల కంపెనీలో పొద్దంతా లోకానికి మందులు డబ్బాల్లో సర్దుతాను, నా ఇంట్లో మందుకు కరువు! నాకు భారమవుతుందని రూతు చెప్పకుండా సూది తగ్గించుకుంది, ఒకరోజు వార్డులోనే కుప్పకూలింది. ఆ మంచం పక్కన నేను మోకరించలేదు, నిలబడే అరిచాను: "ప్రభువా, విధవరాళ్ల దేవుడివంటరు, ఏడున్నవ్? నాకు ఓపిక ఇయ్యకు, ఓపిక వద్దు! ఆ కుర్చీ ముందట నా నోరు పెగిలేటట్టు చెయ్యి!"

రూతు తేరుకుంది. మర్నాడే వెళ్లి గుమస్తా ముందు కూర్చున్నాను. "ఇగ తిరగ సారూ. నా బిడ్డకు రాదని కాగితం మీద రాసి సంతకం పెట్టియ్యి, పోత."

"గట్ల రాసియ్యమమ్మా."

"ఎందుకియ్యరు? నోటితోనైతే మూడు నెలల సంది చెప్తున్నరు గదా!"

నా కేక హాలంతా వినబడింది. లోపలి నుంచి పెద్ద అధికారి వచ్చి, నిలబడే కాలేజీవాళ్ల కాగితం చదివి, "చదువుకునే పిల్ల, జీతం లేదు, ఇంకేం కావాలె?" అని గుమస్తాను అడిగారు. ఆ వారంలోనే కార్డు మళ్లీ పనిచేసింది!

వాళ్లు దయ చూపారని నేను చెప్పను, నా బిడ్డ హక్కు నా బిడ్డకిచ్చారు, అంతే. నా నోరు తెరిచినవాడు మాత్రం యేసయ్య, దేవునికే మహిమ! ఆఫీసు కిటికీల ముందు తిరిగి తిరిగి అలిసిన తల్లులారా, మనసు కుదుటపడ్డాక ప్రార్థిద్దామని ఆగకండి. కోపంతోనే రండి. నన్ను కసరకుండా నా మొర విన్నాడు, మీదీ వింటాడు.