కాయితంలో లేని సరుకు

నా చిన్నప్పుడు మా కొండలకు నర్సమ్మ చింతపండు జీపులో వచ్చేది. మా ఊరు ఆంధ్రాలోనే ఉన్నా, దగ్గరి ఆసుపత్రి మేం గెడ్డ అనే వాగు అవతల ఒరిస్సాలో ఉండేది. అక్కడి షావుకారు చింతపండు, పిప్పళ్లు కొనడానికి మా వారపు సంతకు వస్తూ ఆమెను వెంటబెట్టుకొచ్చేవాడు.

ఒక ఏడు, అటవీ సరుకు పక్క రాష్ట్రానికి పోకూడదని ఉత్తర్వు వచ్చింది. గెడ్డ ఒడ్డున గేటు పెట్టారు. కొనేదేమీ లేనప్పుడు షావుకారు ఎందుకొస్తాడు? జీపు ఆగింది, దాంతో నర్సమ్మ రాకా ఆగింది.

మా పిన్నికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. అంతకుముందు ఆసుపత్రికి డోలీలో మోసుకెళ్తుంటే దారిలోనే కాన్పయి బిడ్డ పోయాడు. డోలీ అంటేనే ఆమె వణికిపోయేది. ఈసారి కాళ్లు వాస్తే ఇంట్లో ఉండొద్దని, వెంటనే ఆసుపత్రికి రావాలని నర్సమ్మ ముందే హెచ్చరించింది. మూడు సంతలు గడిచేసరికి పిన్ని పాదాలు పొంగాయి.

మా అవ్వకు చదువు రాదు. నన్ను గేటు దగ్గరికి తీసుకెళ్లి, అక్కడ అంటించిన కాయితం చదవమంది. చింతపండు, పిప్పళ్లు, అడ్డాకులు, తేనె, కరక్కాయలు అని కూడబలుక్కుంటూ చదివాను.

"ఇయన్నీ నాకు తెలిసినయేనే గుంటా. లేనియేటో సెప్పు," అంది.

గేటు కాపలాదారు నవ్వాడు. "లేనియి కాయితం మీద ఎవులు రాత్తారే ముసిలీ?"

"రాయలేదు గదా బాబూ, అదే అడుగుతన్నాను. పసుపు రాసినారేటి?"

నేను మళ్లీ పైనుంచి చదివాను. పసుపు లేదు. అది అడవిలో ఏరేది కాదు, మేం పండించేది.

అవ్వ నన్ను ఇంటికి పంపి, అటునుంచటే గెడ్డ దాటి షావుకారు దగ్గరికి నడిచింది. నాలుగూళ్ల పసుపూ నీకే ఇప్పిస్తాను, నర్సమ్మను మాత్రం తీసుకురా అని చెప్పొచ్చింది.

పై సంతకు జీపు వచ్చింది. నర్సమ్మ పిన్ని పాదాలు నొక్కి చూసి, ఆమెను జీపులో పసుపు బస్తాల మీదే కూర్చోబెట్టింది. గేటు దగ్గర కాపలాదారు కాయితం మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు.

"పసుపు లేదే," అన్నాడు.

"లేదు గదా. బేగి ఎత్తు నాయనా," అంది అవ్వ.

గేటు లేచింది. జీపు వెంట గేటు దాకా వచ్చిన సంత సంతంతా ఈలలు వేసింది. మరుసటి వారం పిన్ని ఆడపిల్లతో అదే జీపు దిగింది. వాళ్ల వెనకే నర్సమ్మ మందుల పెట్టెతో దిగింది. ఆ తర్వాత ఏ సంతా ఆమె మానలేదు.

పెద్దయ్యాక పత్రికలో పనిచేస్తూ ఎన్నో ఉత్తర్వులు చదివాను. వద్దన్నవి ఏవో చదివేశాక, వద్దననివి ఏవో వెతకందే ఇప్పటికీ నేను కాయితం కింద పెట్టను.