ఎండుచేపల కంపు కొట్టిన గులాబీ చక్కెర

నిన్న మధ్యాహ్నం మా మనవడి భార్య దుకాణంలో కొన్న గులాబీ చక్కెరతో షర్బత్తు కలిపి తెచ్చిస్తే, ఒక్క గుక్క తాగి, ఛీ ఛీ, ఇదేం కంపే తల్లీ, సబ్బు నానబెట్టావా అని అక్కడే ఉమ్మేశాను. ఆ పిల్ల చిన్నబుచ్చుకుని లోపలికి పోయింది. నాకు జాలి కూడా కలగలేదు, ఎందుకంటే చక్కెరకు వాసన పట్టించడమంటే ఏమిటో నా ఈడు వాళ్ళకు తెలుసు, మంచి వాసన కంటే పాడు కంపు దానికి ఎంత తొందరగా అంటుకుంటుందో నాకు మరీ బాగా తెలుసు.

యుద్ధం రోజుల్లో, చక్కెర కంట్రోలులో కొలిచి ఇచ్చే కాలంలో, మార్కాపురంలో మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి సాయిబుగారి భార్య దగ్గర మా అమ్మ ఈ పని నేర్చుకుంది. నీడన ఎండిన నాటు గులాబీ రేకులు, ఏలక్కాయల పొట్టు ఒక వరస, చక్కెర ఒక వరస జాడీలో నింపి, మా ఊళ్ళో అందరూ చేసినట్టే పలకముక్క మూతగా పెట్టి, పైన గుడ్డ బిగించి, నలభై రోజులు కదిలించేది కాదు. సగం చుట్టాలకు షర్బత్తులోకి, సగం క్రిస్మస్‌కు పైనా కిందా నిప్పులు పెట్టి కాల్చే కేకులోకి. మధ్యలో మూత తీస్తే వాసన పారిపోతుందని అమ్మ భయం.

ఒక ఏడు వానలు లేవు. ఉమ్మడి బావి నీళ్ళ వంతు దగ్గర మా నాయనకూ పెద్దనాయనకూ చాలాకాలంగా మాటల్లేవు, బావి పెద్దనాయన చేలో ఉంది, మా మిరపతోట కళ్ళముందే వాడిపోతోంది. చర్చి సంఘపెద్దలు నచ్చజెప్పగా ఆయన ఒక ఆదివారం ప్రార్థన కాగానే మా ఇంటికి వస్తానన్నాడు. మా వైపు వచ్చినవాడు ఇచ్చిన షర్బత్తు గ్లాసు ఖాళీ చేస్తే కోపం తీరినట్టు, చుక్క మిగిల్చి లేచాడంటే తోట మీద ఆశ వదులుకోవలసిందే.

పనికిమాలినదాన్ని నేను. అంతకు మూడు వారాల ముందు అమ్మ లేనిది చూసి, ఒక్కలాగే ఉన్న రెండు జాడీల్లో చక్కెర ఏదో తెలియక రెండూ విప్పి, రెండు గుప్పెళ్ళు బొక్కి, అడుగుల చప్పుడు వినగానే కంగారులో ఎండుచేపల జాడీ మీది పలకా గుడ్డా తెచ్చి చక్కెర జాడీకి కట్టేశాను. ఆ పలక అడుగున ఎన్నేళ్ళ చేపల జిడ్డో!

ఆదివారం పొయ్యి మీద ఎండుచేపల పులుసే ఉడుకుతుండడంతో, జాడీ విప్పినా అమ్మకు అనుమానం రాలేదు. కలిపిన చెంచా నాకిన నాకు మాత్రం వాంతి వచ్చినంత పనైంది. గులాబీ, ఏలకి, చేప! చెబితే నా దొంగతనం బయటపడుతుందని నోరు మూసుకున్నాను, చూడండి నా బుద్ధి.

పెద్దనాయన మొదటి గుక్కకే కళ్ళు పెద్దవి చేశాడు. మా నాయన ఆయన గొంతు వంకే చూస్తున్నాడు. ఆయన గ్లాసు దించకుండా అడుగుదాకా తాగి, మీసం తుడుచుకుని, రేపు పొద్దున్నే నీళ్ళు తోటకు తిప్పుకోమన్నాడు. అప్పుడు నాయన తన గ్లాసు నోట పెట్టి, పెరట్లోకి పరుగెత్తి కక్కి వచ్చాడు.

"అన్నా, ఇది ఎట్ల తాగినావు?"

"నువ్వు ఇచ్చినావు గదరా, తాగినాను."

తోట బతికింది. ఇప్పుడు ఆ బావి పూడిపోయింది, పెద్దనాయన మనవలు ఎదురైనా మా పిల్లలు గుర్తుపట్టరు, ఒకరింట్లో ఒకరం మంచినీళ్ళు కూడా వాసన చూసి తాగే మనుషులమయ్యాం. రాత్రి నుంచీ నాకు రోత పుడుతున్నది ఆ సబ్బు కంపు తలుచుకుని కాదు. ఆ పిల్ల ప్రేమగా ఇచ్చింది గదా, నేను ఉమ్మేశాను.