డాల్మేషియా పేరు మోసిన కుక్క

1978 జూన్‌లో నన్ను ఉదయగిరి పశువుల ఆసుపత్రికి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. పశువుల డాక్టరుకు సర్కారు పెట్టిన పేరది. నా కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు ఉండేవారు. మెట్ట ప్రాంతం కావటంతో మాకు వచ్చేవి ఎక్కువగా గొర్రెలు, మేకలు, సేద్యపు ఎద్దులు. కుక్కను వైద్యానికి తీసుకొచ్చే అలవాటు అక్కడ ఎవరికీ లేదు, ఒక్క పెంచలరెడ్డి గారికి తప్ప.

ఆయన ఊరి బయట తోటలో ఉండేవారు. ఆత్మకూరు దాకా పలుకుబడి ఉన్న మనిషి. మద్రాసు నుంచి ఒక కుక్కపిల్లను తెచ్చి, సీజర్ అని పేరు పెట్టి పెంచారు. తెల్లటి ఒంటి మీద నల్లటి మచ్చలు. అది డాల్మేషియన్ జాతి. డాల్మేషియా అనేది రోమన్ చక్రవర్తుల కాలంలో ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉండిన ఒక రాష్ట్రం. సామ్రాజ్యం పోయినా ఆ తీరానికి ఆ పేరు నిలిచిపోయింది, తీరం నుంచి ఈ కుక్కకు అంటుకుంది. నేను ఈ సంగతి కాలేజీలో చదువుకున్నాను. రెడ్డి గారు కుక్కతో పాటు కొన్న ఇంగ్లీషు పుస్తకంలో చదివి, ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని రోము కుక్క అనేవాళ్ళు.

పిచ్చికుక్క రోగానికి, అంటే రేబిస్‌కు, ముందుగా టీకా వేయించమని ఆయనకు రెండుసార్లు చెప్పాను. ఆయన నవ్వారు.

"ఆ రోగం మన వీధి కుక్కలకు గదా డాక్టరూ. దీని వంశమే వేరే," అన్నారు.

మరుసటి వేసవిలో ఒక ఉదయం ఆయన డ్రైవరు మస్తాన్ కారు తీసుకుని ఆసుపత్రికి వచ్చాడు. కుక్క గొంతులో ఎముక ఇరుక్కుందనీ, వెంటనే రమ్మన్నారనీ చెప్పాడు. పట్టకార్లు, టార్చిలైటు తీసుకుని వెళ్ళాను.

సీజర్ వసారాలో వడ్ల గాదె వెనక చీకటిగా ఉన్న మూలకు దూరి పడుకుని ఉంది. కింది దవడ వేలాడిపోయింది. నోటి నుంచి జొల్లు తీగలుగా కారుతోంది. ముందు పెట్టిన గిన్నెలో మూతి పెడుతోంది గాని ఒక్క చుక్కా లోపలికి పోవడం లేదు. నేను రెండు గజాల దూరంలోనే ఆగిపోయాను.

రేబిస్ రెండు రకాలుగా కనపడుతుంది. ఒకటి అందరికీ తెలిసినది, కుక్క పరుగెత్తి కరిచే రకం. రెండోది మూగ రకం. ఇందులో దవడ కండరాలు, గొంతు చచ్చుబడతాయి. కుక్క ఎవరినీ కరవదు. చూసేవాళ్ళకు గొంతులో ఎముక అడ్డం పడినట్టే ఉంటుంది. జాలిపడి నోట్లో చెయ్యి పెడతారు. రోగం ఉండేది ఆ జొల్లులోనే, చర్మం చీలిన చోట అది తగిలితే చాలు. అందుకే మా వృత్తిలో ఈ రెండో రకానికే ఎక్కువ భయపడతాం.

నా అనుమానం చెప్పగానే రెడ్డి గారు పుస్తకం తెప్పించారు. ఈ జాతికి పుట్టుకతో చెవుడు, మూత్రంలో రాళ్ళు రావడం మామూలని అందులో ఉంది.

"పిలిస్తే పలకడం లేదు, అది చెవుడు. తిండి ముట్టడం లేదు, అది రాళ్ళ నొప్పి. దానికి తోడు ఎముక. పట్టకారు పెట్టి తీయండి," అన్నారు.

పుస్తకంలో ఉన్నది నిజమే. కాని పుట్టుకతో వచ్చే చెవుడు మొన్నటిదాకా ఈలకు పరుగెత్తుకొచ్చిన కుక్కకు నిన్న రాదు. నేను పట్టకారు బయటికి తీయలేదు. దాని నోట్లో ఎవరైనా చెయ్యి పెట్టారా అని అడిగాను.

రెడ్డి గారి తల్లి రమణమ్మ గారు ముందుకొచ్చారు.

"నేనే పెట్టినాను నాయనా. ఎముక తగల్లేదు," అన్నారు.

ఆమె చూపుడు వేలి గోరు పక్కన చర్మం చీలి ఉంది. దాని మీద పసుపు అద్దుకున్నారు. దవడలు పట్టుకున్నది మస్తాన్. అతని ముంజేతుల నిండా ముళ్ళకంప గీసుకున్న గీతలు, వాటి మీద ఎండిన జొల్లు.

రెడ్డి గారు నా వైపు చూడకుండా కారు తీయమని మస్తాన్‌కు చెప్పారు. కుక్కను మద్రాసు తీసుకుపోతారట. మస్తాన్ తాళాలు చేతిలో పట్టుకుని నన్నే చూశాడు. అన్ని గంటలు మూసిన కారులో అతను ఆ కుక్కతో కూర్చోవాలి. నేను గడపకు అడ్డంగా నిలబడి, అనుమానం ఉన్న జంతువును కదపడానికి వీల్లేదనీ, కదిపితే తాసిల్దారుకు రాయవలసి వస్తుందనీ అన్నాను.

"నా ఇంట్లో నిలబడి నన్నే బెదిరిస్తాండావా?" అన్నారాయన. అంతవరకూ నన్ను మీరు అనే మనిషి.

ఆయన ఒక్క మాటతో నా బదిలీ జరుగుతుందని నాకు తెలుసు. ఆ భయమూ ఉంది. మస్తాన్ చేతులు చూసినప్పుడు కలిగిన భయం ముందు అది నిలవలేదు.

రమణమ్మ గారు కొడుకును ఆగమన్నారు. "ఆ రోము సంగతి, పుస్తకం సంగతి నాకు తెలవదు. పిచ్చి పట్టినట్టుండాదా లేదా, అది చెప్పు నాయనా."

"ఉందమ్మా," అన్నాను.

"అయితే రాతిగదిలో కట్టెయ్యండి."

ఎవరూ చేత్తో తాకకుండా, పొడవాటి కర్రకు ఉచ్చు కట్టి కుక్కను లోపలికి లాగించాను. తర్వాత రమణమ్మ గారి చేత, మస్తాన్ చేత సబ్బుతో చాలాసేపు చేతులు కడిగించి, ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రికి పంపాను. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు సూదులు వేసేవారు. రెడ్డి గారు తాను కుక్కను తాకనే లేదని చెప్పి వెళ్ళలేదు.

మర్నాడు కిటికీ ఊచల్లోంచి చూస్తుండగా కుక్క దగ్గింది. తుంపర నా ముఖం మీద పడింది. ఆ రోజు నుంచి ఆత్మకూరు బస్సులో నేనూ మూడోవాడినయ్యాను. ఒకరి ఎంగిలితో ఈ రోగం ఇంకొకరికి రావడం దాదాపు లేదని నాకు తెలుసు. అయినా ఇంట్లో నా గ్లాసు వేరుగా పెట్టించాను. నా భార్య ఎందుకని అడగలేదు. పిల్లల్ని మాత్రం నా పక్కలో పడుకోనివ్వలేదు.

కుక్క ఇంకో రెండు రోజులు బతికి చనిపోయింది. చేతితొడుగులు వేసుకుని తల కోసి, మెదడు ముక్కల్ని మందు నీళ్ళ సీసాలో పెట్టి, ఐసు నింపిన డబ్బాలో మా అటెండరు చేత మద్రాసు లాబ్‌కు పంపాను. రోగం ఉంటే మెదడు కణాల్లో నెగ్రి బాడీస్ అనే చిన్న మచ్చలు మైక్రోస్కోపులో కనపడతాయి. కనపడ్డాయి.

ఆ కబురు అందిన సాయంత్రం రెడ్డి గారు ఒక్కరే నడుచుకుంటూ ఆసుపత్రికి వచ్చారు. బల్ల మీద కూర్చుని పంచె కాస్త పైకి లాగి, కాలు చూపించారు. మడమ నిండా నెత్తురు ఊరిన పగుళ్ళు.

"రోజూ ఇక్కడ నాకేది డాక్టరూ. నేను తాకలేదని చెప్పినాను గదా. నేను తాకలేదు. అదే తాకింది," అన్నారు.

మర్నాడే ఆయన సూదులు మొదలుపెట్టారు. కాని ఎంత ఆలస్యమైందో చెప్పడం నా వల్ల కాలేదు. రోగం బయటపడటానికి వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. బయటపడితే మందు లేదు. మొదటి గుర్తుల్లో ఒకటి నీళ్ళు మింగలేకపోవటం. ఆ తర్వాత రమణమ్మ గారు ఒకసారి నాతో చెప్పారు: "పొద్దున లేస్తానే నా ఎదురుగా కూచోని చెంబుడు నీళ్ళు తాగతాడు. తాగి, దిగినాయమ్మా అంటాడు. నేను వంట మొదలుపెడతాను."

అట్లా ఏడాది గడిచింది. నలుగురం బతికాం. రెడ్డి గారు మళ్ళీ కుక్కను పెంచలేదు. ఊరి కుక్కలకు టీకాలు వేయించిన రోజు మాత్రం వాటిని పట్టడానికి మనుషుల్ని పంపారు.

ఆ జాతి నిజంగా డాల్మేషియాలోనే పుట్టిందా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు. పేరు మాత్రం రెండు వేల ఏళ్ళు ప్రయాణం చేసి ఉదయగిరి చేరింది. చేరి, ఆ కుక్కకు పిచ్చి పట్టదని ఒక తెలివైన మనిషిని నమ్మించింది. తర్వాత ఆత్మకూరులోనూ, కలువాయిలోనూ పనిచేసినప్పుడు కేసు రాసుకునే కాగితంలో జాతి అన్న గడిని నేను చివర నింపేవాణ్ణి. ముందు అడగవలసింది ఆ నోట్లో ఎవరు చెయ్యి పెట్టారని. ఆ వెంటనే అడగవలసింది, అది ఎవరిని నాకిందని.