మిర్వా ఎడమ భుజం

ఎన్సియో అబద్ధాలాడే మనిషి కాదు. నలభై ఏళ్లు కలప మిల్లులో రంపాలకు పదును పెట్టాడు. దాదాపు అంతే కాలం ఊరి వేట సంఘంలో కొత్తవాళ్లకు తుపాకి పట్టడం నేర్పాడు. హౌకియార్వి సరస్సు చుట్టుపక్కల బాతును కొట్టగలిగిన ప్రతివాడూ ఏదో ఒక వేసవిలో అతని ముందు నిలబడి “చెంప కొయ్యకి ఆనించు, తుపాకి మడమ భుజంలోకి నొక్కు” అనిపించుకున్నవాడే. ఇలాంటివాళ్ల గురించి వార్షికోత్సవాల్లో సంప్రదాయం, ఓర్పు, ప్రకృతి అంటూ ఉపన్యాసాలిస్తారు. వేట మనిషిని ప్రకృతికి దగ్గర చేస్తుందంటారు. ఆగస్టులో దోమలకు దగ్గర చేస్తుంది, అంతవరకు నిజం. ఎన్సియో గురించి చెప్పాల్సింది వేరే ఉంది. అబద్ధమాడని ఆ మనిషి ఒక నిజాన్ని మింగి ఇరవై అయిదేళ్లుగా కూర్చున్నాడు. అది కూతురికి చెప్పాల్సిన నిజం.

జూలైలో ఒక ఆదివారం ఆ కూతురు ఫోన్ చేసింది. మిర్వాకు ముప్పై ఎనిమిదేళ్లు. పాడి రైతుల దగ్గర పాలు పోగుచేసే ట్యాంకర్ నడుపుతుంది. ఆమె నోట తుపాకి మాట విని ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడు కూడా తన కోసం కాదు, కుక్క కోసం. నోకి అని ఒక నల్ల కుక్కను తెచ్చుకుంది. పడిన పక్షిని నీళ్లలోంచి ఎత్తుకొచ్చే జాతి. చెయ్యడానికి పనిలేక అది పక్కింటివాళ్లు సౌనా అనే ఆవిరి స్నానపు గది ముందు విడిచిన చెప్పులన్నీ తెచ్చి గుమ్మంలో పేరుస్తోందట.

“దానికో ఉద్యోగం చూపించాలి నాన్నా,” అంది. “వేట కార్డు మళ్లీ తీసుకున్నాను. పోలీసుల పర్మిట్ కూడా వచ్చింది. క్వోపియో పట్నంలో తుపాకుల దుకాణానికి వెళ్దాం, నువ్వూ రా. తుపాకుల సంగతి నీకే తెలుసు.”

సరేనన్నాడు. ఫోన్ పెట్టేశాక కప్పులో కాఫీ చల్లారిపోయేదాకా దాని వంకే చూస్తూ కూర్చున్నాడు.

దుకాణంలో సీరి అనే పాతికేళ్ల అమ్మాయి ఉంది. మిర్వా తనకు కావలసింది ముందే తేల్చి చెప్పింది: రెండు గొట్టాలది, సాదాది, ఉక్కు గుళ్లకు తట్టుకునేది, కుడిచేతిది. పర్మిట్ వివరాల కాగితం మీద సంతకం పెట్టబోతుంటే సీరి కన్ను పెన్ను పట్టిన చేతి మీద పడింది.

“ఎడమచేతి వాటమా మీది?”

“రాతకి ఎడమ, తిండికి ఎడమ, మొగుడున్న రోజుల్లో గిన్నెలు విసరడానికీ ఎడమే. తుపాకికి మాత్రం కుడి.”

సీరి నవ్వి, ఆమెను రెండు అరచేతులూ ముందుకు చాపి వాటి మధ్య చిన్న సందు చేయమంది. ఆ సందులోంచి గోడ గడియారాన్ని చూస్తూ చేతుల్ని మెల్లగా మొహం దగ్గరికి తెచ్చుకోమంది. చేతులు వచ్చి ఎడమ కంటి మీద ఆగాయి. ఇంకోసారి చేయించింది. మళ్లీ ఎడమ కన్నే. అంటే గురికి ముందుకొచ్చేది ఆ కన్నే.

ఆ తర్వాత సీరి మూడు తుపాకులు తెచ్చి బల్ల మీద పరిచింది. చూడ్డానికి మూడూ ఒకటే. తేడా ఎక్కడుందో వేలితో చూపించింది. మామూలు తుపాకి కొయ్య మడమ కుడికి ఒంగి ఉంటుంది, బియ్యపు గింజంత. కుడి భుజానికి ఆనించినప్పుడు కుడి కన్ను సరిగ్గా గొట్టం వెనక్కి రావడానికి ఆ ఒంపు. ఎడమవాళ్లకు అదే ఒంపు ఎడమకి కావాలి. దానంతట అదే కొత్త తూటా ఎక్కించుకునే ఆటోమేటిక్ అయితే ఇంకో తంటా: ఖాళీ గుల్ల కుడి పక్కనుంచి ఎగురుతుంది. ఎడమ భుజాన పెట్టుకుంటే అది వేడివేడిగా ముక్కు ముందునుంచి పోతుంది. సేఫ్టీ బొత్తాం కూడా అవతలి పక్కన ఉంటుంది. రెండు గొట్టాలదైతే ఆ బెడద లేదు, తెరిచేదాకా గుల్లలు లోపలే ఉంటాయి. మడమ ఒంపు చూసుకుంటే చాలు.

“ఎడమ కన్ను గట్టిగా ఉన్న మనిషి కుడి భుజం మీంచి కాలిస్తే గుళ్లు పక్కకి పోతాయండీ,” అంది సీరి. “ఎవరు నేర్పారు మీకు?”

మిర్వా గడ్డంతో తండ్రిని చూపించింది. ఆ చూపించడంలో కాస్త గర్వమే ఉంది. “ఈయనే. మా సరస్సు చుట్టూ ఉన్న వాళ్లందరికీ ఈయనే గురువు. నాకు గురి లేదు, అంతే. నాది ఎడమ భుజం అయ్యుంటే ఈయనకు తెలియదా?”

ఇద్దరూ అతని వైపు చూశారు. ఎన్సియో ఒక తుపాకి తీసుకుని, మడత దగ్గర విరిచి తెరిచి, గొట్టాల్లోంచి వెలుగుకేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

“అయ్యుండొచ్చు,” అన్నాడు. “కాకపోనూ వచ్చు.”

వాళ్ల సావో ప్రాంతంలో అటూ ఇటూ తేల్చని ఇలాంటి మాటను సమాధానంగానే లెక్కవేస్తారు. సీరి భుజాలెగరేసింది. కుడి ఒంపుదాన్ని శుక్రవారం దాకా తీసి ఉంచమని మిర్వా చెప్పింది.

తిరుగుదారిలో ఆమె ట్యాంకర్ కబుర్లు చెబుతూ బండి నడిపింది. అతను ఒక్కటీ వినలేదు. మిర్వాకు పదమూడేళ్ల వయసులో వేట సంఘం అధ్యక్షుడు తర్మో దగ్గర ఒక ఆటోమేటిక్ బేరమాడి కొన్నాడు. కూతురికి కొంటున్నానని కాఫీ బల్ల దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. కూతురు ఏ చేత్తో చెంచా పట్టుకుంటుందో రోజూ చూసే మనిషి, తుపాకి కొనేటప్పుడు ఆ సంగతే తలుచుకోలేదు. మొదటి రోజు కంకర గోతిలోని కాల్పుల మైదానంలో గాల్లోకి విసిరే మట్టి బిళ్లల పెట్టె తేవడానికి షెడ్డు వెనక్కి వెళ్లాడు. బిళ్లలు విసిరే యంత్రం తాడు తర్మో చేతిలో ఉంది. ఎన్సియో షెడ్డు మూలనుంచి చూశాడు. చెప్పేవాళ్లు లేకపోయేసరికి మిర్వా తుపాకిని ఎడమ భుజానికెత్తింది. ఐదు బిళ్లలు లేచాయి. ఐదూ పొడి అయ్యాయి. గుల్లలు ఆమె ముక్కు ముందునుంచి ఎగిరాయి. ఆమె నవ్వుతోంది.

తుపాకి వాపసు ఇచ్చేస్తే సరిపోయేది. ఎడమవాళ్లది హెల్సింకీ నుంచి తెప్పించాలి, అది కూడా పెద్ద పని కాదు. కానీ తర్మో ఊరుకోడు. ఊరందరి చేతులూ దిద్దేవాడికి సొంత పిల్ల చెయ్యి ఏదో తెలియలేదంటాడు, శీతాకాలమంతా అంటూనే ఉంటాడు. ఎన్సియో తుపాకిని మార్చలేదు, పిల్లను మార్చాడు. మొహం కాలుతుందని చెప్పి మడమ కుడి భుజానికి పెట్టించాడు. ఎడమ కన్ను అడ్డొస్తోందని, కాల్చేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాల ఎడమ గాజుకు టేపు అంటించాడు. అప్పటినుంచి ఐదుకి ఒకటి తగిలితే గొప్ప.

పదహారేళ్లప్పుడు వేట మొదలయ్యే రోజున ఆమె ఒక బాతును గాయపరిచింది. అది జమ్ములో పడింది. రెండు గంటలు వెతికినా దొరకలేదు. సంఘం కట్టుబాటు ఒకటుంది: గాయపరిచి పోగొట్టుకున్నవాళ్లు ఆ రోజుకు తూటాలు తీసేయాలి. పదకొండుమంది మగవాళ్ల ముందు ఆ మాట చదివింది ఎన్సియోనే. మిర్వా మూడు తూటాలు తీసి అతని అరచేతిలో పెట్టింది. మరుసటి ఏడు రాలేదు. ఆ తర్వాత ఏ ఏడూ రాలేదు.

“మైదానం దగ్గర ఆపనా?” అంది మిర్వా. “వెనక నీ తుపాకి ఉందిగా. చెయ్యి తిరుగుతుందో లేదో చూస్తాను.”

అతనిది రెండు గొట్టాలది, ఏ పక్కకీ ఒంగని తిన్నని మడమ. మైదానంలో ఎవరూ లేరు. మిర్వా జేబులోంచి కళ్లద్దాలు తీసింది. ఇంకో జేబులోంచి టేపు చుట్ట తీసింది. ఒక ముక్క పళ్లతో కొరికి, ఎవరూ చెప్పకుండానే, ఎడమ గాజు మీద అంటించి వేలితో ఒత్తింది.

ఎన్సియో అది చూశాడు.

“టేపు తీసెయ్,” అన్నాడు. “ఎడమ భుజానికి పెట్టు.”

“నువ్వేగా వద్దన్నావు.”

“పెట్టు.”

ఎన్సియో యంత్రం తాడు లాగాడు. మొదటి బిళ్ల తప్పింది. రెండోది పగిలింది. మూడోది, నాలుగోది పగిలాయి. మిర్వా తుపాకి దించి, విరిచి, పొగ వస్తున్న గొట్టాల్ని వింతగా చూసింది.

“ఇలాగే కొట్టావు ఒకసారి,” అన్నాడు తండ్రి. “ఐదుకి ఐదు. నేను షెడ్డు మూలన ఉన్నాను.”

“చూశావా?”

“చూశాను.”

“చూసి, వచ్చి, మొహం కాలుతుందన్నావు.”

“కాలేది. అందుకు తుపాకి మార్చాలి. తర్మో నవ్వుతాడని మార్చలేదు.”

మిర్వా బండి వెనక అంచు మీద కూర్చుంది. నోకి బండిలోంచి దిగి వచ్చి ఆమె మోకాలి మీద తల పెట్టింది. దాని చెవులు నిమురుతూ అంది, “ఆ జమ్ము పక్కనుంచే నా రోజువారీ రూటు. ఇరవై రెండేళ్లు, ఎప్పుడు అటు వెళ్లినా ఆ బాతు గుర్తొస్తుంది. తెలుసా నీకు?”

తెలియదు. అతను ఏదో మొదలుపెట్టబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకొక్కదానికే ఇక్కడ చెప్పి చేతులు దులుపుకోకు. తూటాలు అందరి ముందు తీయించావు. ఇది కూడా అందరి ముందు చెప్పు.”

ఇంటికి చేరాక మిర్వా సీరికి ఫోన్ చేసి, కుడిది వద్దు, ఎడమ ఒంపుదే ఉంచమని చెప్పింది.

క్షమాపణ మనసును తేలిక చేస్తుందని రాసేవాళ్లు అది చెప్పుకోవాల్సిన తేదీ కోసం నెల్లాళ్లు ఎదురుచూసి ఉండరు. ఎన్సియో నిద్ర చెడింది. తర్మోకు ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదు, వేట మొదటి రోజుకి రాలేనని చెప్పేద్దామని రెండుసార్లు అనుకున్నాడు. రెండోసారి నంబరు కూడా నొక్కాడు, తర్మో ఎత్తకముందే పెట్టేశాడు.

ఆగస్టు ఇరవైన వేట సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి మొదలవుతుంది. పదకొండున్నరకి పడవల షెడ్డు దగ్గర అందరూ చేరారు. ఎప్పటిలాగే ఎన్సియో కట్టుబాట్లు చదివాడు. గాయపరిచి పోగొట్టుకున్నవాళ్ల సంగతి దగ్గరికి వచ్చేసరికి కాగితం మడిచాడు. పదమూడేళ్ల పిల్ల ఎడమ భుజం మీంచి ఐదు కొట్టింది తాను చూశానని చెప్పాడు. తుపాకి మార్చడానికి సిగ్గుపడి ఆమె కంటికి టేపు వేశానని చెప్పాడు. జమ్ములో పోయిన ఆ బాతు తన ఖాతాలోదని చెప్పాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

తర్మోకు ఎనభై దాటాయి. అతను కాఫీ కప్పులోకి చూస్తూ, “ఆ రోజు తాడు లాగింది నేనే,” అన్నాడు. “ఐదూ పగిలాయని నాకూ తెలుసు. నువ్వే ఏదో అంటావనుకున్నాను.”

ఎన్సియో తన తుపాకి విరిచి తెరిచాడు. రెండు తూటాలు బయటికి తీసి మిర్వా అరచేతిలో పెట్టాడు. ఆమె వాటిని చూసింది, తండ్రిని చూసింది, జేబులో వేసుకుంది. వద్దనలేదు. పర్వాలేదు అని కూడా అనలేదు.

“పది నిమిషాలే ఉంది,” అంది. “తెడ్లు నువ్వు పట్టు.”

పన్నెండు కొట్టగానే సరస్సు నలుమూలలా తుపాకులు పేలాయి. జమ్ము అంచున రెండు బాతులు లేచాయి. మిర్వా ఎడమ భుజానికెత్తి కాల్చింది. బాతులు ఈకైనా రాలకుండా సాఫీగా అవతలి ఒడ్డు దాటిపోయాయి. నోకి నీళ్లకేసి చూసి మూలిగింది. గుళ్లు బాతుల వెనక నుంచి పోయాయని ఎన్సియో చూశాడు, ‘వెనక’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నలభై ఏళ్ల అలవాటు. పళ్లు బిగించి తెడ్డు వేశాడు.

మిర్వా వెనక్కి తిరక్కుండానే కొత్త తూటాలు ఎక్కించింది. “వెనక పడిందా?”

“కొంచెం.”

“మరి చెప్పవేం? చూసి నోరు మూసుకోవడం ఇంకా మానలేదా?”