పళ్ళ డాక్టరు ఎర్ర కారు, నా శాపనార్థాలు

ఆ రోజుల్లో నా నోటికి జడవని మనిషి చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో లేడని నా నమ్మకం. (ఆ నాలుగు ఊళ్ళవాళ్ళ నమ్మకం ఏమిటో నేనెప్పుడూ అడగలేదు.) వయసులో ఉన్నప్పుడు మనిషికి తన గొంతు తనకే ఎంత ముద్దొస్తుందో ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది. డిగ్రీ పూర్తి చేసి, బోధన్ దగ్గరి మా ఊరి నుంచి రోజూ బస్సులో నిజామాబాదు వెళ్ళి, ఒక పళ్ళ డాక్టరు దవాఖానాలో ముందు బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగం చేస్తున్న కాలమది. మా ఇంట్లో ఉద్యోగానికని గడప దాటిన మొదటి ఆడపిల్లను నేనే. "ఆడివిల్లను రోజు పట్నం తోలుడేంది తమ్మీ" అని మా పెద్దబాపు అడ్డం పడితే, మా బాపు, అంటే నాన్న, "పోనీ అన్నా, ఏమన్న లొల్లి అయితే ఆ దినమే మానిపిద్దాం" అని సర్దిచెప్పాడు. అంటే ఏ లొల్లీ లేకుండా చూసుకున్నన్నాళ్ళే నా ఉద్యోగం. లొల్లి లేకుండా ఉండటం నాకు పుట్టుకతో రాని విద్య.

డాక్టరు సారు హైదరాబాదు మనిషి, పెళ్ళి కానివాడు, మాట నెమ్మది. ఎవరో స్నేహితుడు అమ్ముతుంటే ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. సెకండ్ హ్యాండుదే అయినా కొత్త పెళ్ళికూతురిలా చూసుకునేవాడు. రెండే సీట్లు. నేలకు జానెడెత్తు. స్పీడ్ బ్రేకరు ఎక్కితే అడుగు గీసుకుపోతుందని, పక్క వీధికి వెళ్ళాలన్నా సగం ఊరు చుట్టి వెళ్ళేవాడు. పూజ చేయించిన రోజు బండి ముందు కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ రోడ్డు మీద ఈడ్చుకుపోయి సాయంత్రానికి దారం మాత్రమే మిగిలింది. పన్ను పీకించుకోవడానికి వచ్చిన ముసలమ్మలు ఒక చేత్తో దవడ పట్టుకునే దాని చుట్టూ తిరిగి, "గింత బండిల ఇద్దరే కూసుంటరా సారు? రేపు పెండ్లయితే మీ అత్తను ఏడ కూసుండవెడ్తరు?" అని అడిగేవాళ్ళు. సారు దానికి, నోరు తెరవండమ్మా అనేవాడు. నాకు అప్పజెప్పిన పనులు మూడు: ఫోన్లు ఎత్తడం, పేషెంట్లను వరసలో పంపడం, కిటికీలోంచి కారు మీద ఓ కన్నేసి ఉంచడం. మూడోదే అన్నిటికంటే ముఖ్యమని సారు చెప్పకపోయినా నాకు అర్థమైంది.

పసుపు మార్కెట్టుకు వచ్చే రోజులవి. మా వైపు చెరకు తగ్గించి పసుపు వేసినవాళ్ళందరూ ట్రాక్టర్లకు బస్తాలెత్తుకుని గంజుకు, అంటే మార్కెట్ యార్డుకు, పోతుంటారు, ఇరుకైనా దగ్గరదారని మా దవాఖానా వీధిలోంచే దూరతారు. ఒక మధ్యాహ్నం నేను వెనక గదిలో డబ్బా విప్పి అన్నంలో పప్పు కలుపుకుంటున్నాను. బయట దబ్బుమని చప్పుడైంది. ఎవరి ఇంట్లోనో బిందె పడిందనుకుని ఇంకో నాలుగు ముద్దలు తిన్నాను. (ఈ నాలుగు ముద్దల సంగతి సారుకు ఈ రోజుకూ తెలియదు.) చెయ్యి కడుక్కుని వచ్చి కిటికీలోంచి చూస్తే కారు వెనక భాగం లోపలికి పోయి ఉంది, లైటు పగిలి రోడ్డు మీద పడి ఉంది, గుద్దినవాడు లేడు. సొట్టలో పచ్చగా పసుపు అంటుకుంది. వరసలో కూర్చున్న ఒకావిడ బయటికి వచ్చి వేలితో ఆ పసుపు తీసి పుస్తెలకు అద్దుకుని, "మంచి పసుపే" అంది.

సారు చేతి తొడుగులతోనే బయటికొచ్చాడు. కారు చూశాడు. "అయ్యో" అన్నాడు. పగిలిన లైటు ముక్క చేతిలోకి తీసుకుని మళ్ళీ "అయ్యో" అన్నాడు. అంతకుమించి ఆయనకు రాలేదు. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది, కారును చూస్తే ఉద్యోగం గుర్తొచ్చి భయమేసింది, ఆ రెండూ కలిసి కోపమైంది. మా ఊళ్ళో కోడి పోయినా, ఎవరి గొడ్డో చేను మేసినా, చేసినవాడు దొరకకపోతే ఒక పద్ధతుంది. నడివీధిలో నిలబడి, దుమ్మెత్తి పోసి, నలుగురూ వినేలా శాపనార్థాలు పెట్టాలి. చేసినవాడు ఎక్కడున్నా తగులుతాయి. పట్నంలో ఆ పద్ధతి ఉందో లేదో నేను ఆలోచించలేదు. చున్నీ నడుముకు బిగించి రోడ్డు మధ్యకు వెళ్ళి గుప్పెడు దుమ్ము ఎత్తాను. "ఎవడ్రా గుద్ది ఉరికినోడు. వాని చేతులు ఇరగ. వాని ట్రాక్టరు మన్నుల గలువ. వాని పసుపు పురుగువట్ట. వాని ఇంట్ల పీనుగెల్ల" అని మొదలుపెట్టి, జనం మూగేసరికి ఊపు ఎక్కువై, "వానికి బిడ్డలుంటే గా బిడ్డల నోర్లు వడిపోను" దాకా పోయాను. ఎదురుగా బట్టల దుకాణం సేటు కొనేవాళ్ళను వదిలేసి మెట్ల మీదికొచ్చి విన్నాడు. సారు నా వంక భయంగానూ, కొంత కృతజ్ఞతగానూ చూశాడు. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఇంటికి వెళ్ళాను.

రాత్రి అన్నాల దగ్గర మళ్ళీ మొత్తం వినిపించాను, చేతులు తిప్పడంతో సహా. మా అవ్వ (మా వైపు అమ్మను అవ్వ అంటాం) చారు గిన్నె కింద పెట్టి, "పీనుగెల్ల అని ఎవలనన్న అంటరానే? ఎవల ఇంట్ల ఏమున్నదో" అని కసిరింది. బాపు కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ రోజు ఆయన కూడా గంజుకు పసుపు తెచ్చాడు కదా అని గుర్తొచ్చి, "బాపూ, నువ్వు రాంగ ఏమన్న ట్రాక్టరు జూసినవా?" అని అడిగాను. "శాన ట్రాక్టర్లొచ్చినయి బిడ్డా" అన్నాడు. కడుపులో బాగోలేదని సగం అన్నం వదిలేసి లేచాడు.

మర్నాడు నా గొంతు పూర్తిగా పోయింది. గుసగుస తప్ప మాట రాలేదు. (బిడ్డల నోర్లు పడిపోవాలన్న శాపం అప్పటికే దారి పట్టిందని నాకు తెలియదు.) బట్టల సేటు దుకాణం కెమెరాలో అంతా పడిందని కబురు పంపితే సారు, నేను, ఇద్దరు పేషెంట్లు వెళ్ళి కంప్యూటరు ముందు నిలబడ్డాం. పైనుంచి తీసిన మసక బొమ్మే తప్ప మాట లేదు, బండి నంబరు కనిపించలేదు. ఒక ట్రాక్టరు వచ్చింది, వెనక ట్రాలీ మూల కారును తాకింది, ఆగింది. తలకు రుమాలు చుట్టుకున్న మనిషి దిగాడు. సొట్ట దగ్గర వంగి చూశాడు. ఎవరికైనా కాలు తగిలితే చేస్తామే, అలా సొట్టను కుడిచేత్తో తాకి, ఆ చేయి రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. వెనక బండ్లవాళ్ళు తొందరపెడుతున్నట్టున్నారు, అటూ ఇటూ చూసి ఎక్కి వెళ్ళిపోయాడు. "కారుకు దండం పెట్టి పారిపోవడం ఏంటి?" అన్నాడు సారు. మిగతావాళ్ళు నవ్వారు. నేను నవ్వబోయి ఆగిపోయాను. వడ్లు తొక్కినా, ఎద్దుకు కాలు తాకినా, చివరికి చీపురు దాటినా అలా కళ్ళకద్దుకునే మనిషితోనే నేను పుట్టినప్పటినుంచీ ఒకే ఇంట్లో ఉంటున్నాను.

సేటు ఆపలేదు. ఇంకాస్త ముందుకు నడిపించాడు. ఇప్పుడు బొమ్మలో నేను వచ్చాను. మాట లేకపోయేసరికి నా శాపనార్థాలు చూడటానికి బోనాల ముందు ఎగిరినట్టున్నాయి. దుమ్ము పోస్తున్నాను, చేతులు తిప్పుతున్నాను, ఒకసారి గుండ్రంగా కూడా తిరిగాను. సారు కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను మాత్రం ఒక మూలకు చూస్తున్నాను. గుంపు చివర, కరెంటు స్తంభం పక్కన, రుమాలు విప్పి చేతిలో పట్టుకుని బాపు నిలబడి ఉన్నాడు. ట్రాక్టరు ముందు వీధిలో ఎక్కడో ఆపి, నడుచుకుంటూ తిరిగొచ్చాడు. చెప్పడానికే వచ్చాడు. నా వైపు చూస్తూ చాలాసేపు నిలబడి, తల వంచుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. సారు కళ్ళు తుడుచుకుంటూ, "ఆ ట్రాక్టరు మనిషి మీ వైపువాడిలానే ఉన్నాడు. గుర్తుపడితే చెప్పు, రేపు స్టేషనులో కంప్లైంటు ఇద్దాం" అన్నాడు. గొంతు లేకపోవడం ఆ పూట నాకు పెద్ద వరమైంది.

ఇంటికి వెళ్ళి అవ్వకు చెప్పి ఏడ్చాను. బాపు పరువు పోతుందా, నా ఉద్యోగం పోతుందా, రెండూ పోతాయా అని నా దిగులు. అవ్వ దిగులు వేరు. "ముందుగాల గా తిట్లు వాపస్ తీస్కో. పీనుగెల్ల అన్నవ్, మన ఇంటికే అన్నవ్. తిట్టిన కాడనే నీళ్ళు సల్లి, ఎన్ని తిట్టినవో అన్ని దీవెనలు వెట్టాలె. గంతే గట్టిగ" అంది. బాపు అరుగు మీద నుంచే, "పొద్దుగాల నేనొస్త. సారుకు నేనే చెప్త" అన్నాడు.

పొద్దున ఇద్దరం బస్సు దిగాం. వీధి మధ్యలో చెంబుతో నీళ్ళు చల్లి, చీలిన గొంతుతో మొదలుపెట్టాను. "గా చేతులు సల్లగుండాలె. గా ట్రాక్టరు బంగారంగుండాలె. గా పసుపుకు మంచి ధర రావాలె. గా ఇంట్ల అందరు నిండ నూరేండ్లు బతకాలె. గా బిడ్డల నోర్లు సక్కగుండాలె." సేటు మళ్ళీ మెట్ల మీదికొచ్చాడు, కానీ ఈసారి దిగులుగా చూశాడు. నాకు పిచ్చెక్కిందని ఎవరో చెప్తే సారు పరుగెత్తుకొచ్చాడు. బాపు రుమాలు తీసి, "నేనే సారు గుద్దింది. ఈ పిల్ల బాపును. బాగుచేయిపిస్త" అన్నాడు.

సారు మొహం ముడుచుకుంది. "అదే రోజు చెప్పి ఉంటే అయిపోయేది కదా. పారిపోవడం ఎందుకు?" అన్నాడు. బాపు నా వంక చూసి, రుమాలు మడతపెట్టసాగాడు. ఎందుకో చెప్తే నా మీదికి వస్తుందని ఆయన భయం. నాకు ఆగలేదు. "ఉరకలే సారు. చెప్పనీకే మల్లొచ్చిండు. నేనే చెప్పనియ్యలే" అని, సారును దుకాణంలోకి తీసుకెళ్ళి ఆ బొమ్మ మళ్ళీ పెట్టించి, మూలకు వేలు పెట్టి చూపించాను. ఈసారి నా ఎగురుడు ఎవరూ చూడలేదు. సారు వంగి చూసి, బయటికొచ్చి, "కారుకు ఎందుకు దండం పెట్టారు?" అని మాత్రం అడిగాడు. "మీరు కనవడలే సారు. తగిలింది దానికి గదా" అన్నాడు బాపు. సారు బాపు భుజం మీద చెయ్యి వేసి, ఇన్సూరెన్సు ఉందిలెండి అని లోపలికి నడిచాడు. పోతూ పోతూ నా వైపు తిరిగి, "పేషెంట్లు ఎదురుచూస్తున్నారు" అన్నాడు. ఉద్యోగం ఉందని ఆ మాటతో తెలిసింది. ఆ వారమే బాపు ఒక సంచి పసుపు కొమ్ములు తెచ్చి, వద్దంటున్నా సారు బల్ల మీద పెట్టి, "రేపు మీ పెండ్లికి పనికొస్తయి" అన్నాడు.

కొమ్ములు తెచ్చిన రోజు మధ్యాహ్నం దవాఖానా వెనక మెట్ల మీద కూర్చుని నా డబ్బాలో అన్నం ఇద్దరం తిన్నాం. నాకు అడగకుండా ఉండబుద్ధి కాలేదు. "గంత తిడుతుంటె ఎందుకు నిలవడ్డవ్ బాపూ? ఎంటనే ఎల్లిపోకపోయినవ్?"

బాపు మెల్లిగా నమిలి మింగాడు. "మొదలు నన్నే అని సమజ్ కాలే. సమజైనంక గూడ పోబుద్ది కాలే బిడ్డా. పట్నంల, నడి రోడ్డు మీద, గంత మంది నిలవడి నా బిడ్డ మాట ఇంటున్నరు. నా పక్కపొంటి ఒకడు, 'ఎవల బిడ్డరా గీ పిల్ల, గింత ధైర్నంగ మాట్లాడుతున్నది' అన్నడు. నా బిడ్డే అని చెప్పవోయిన. నోటిదాంక వచ్చింది. అప్పుడు యాదికొచ్చింది, గుద్దినోన్ని నేనే అని."

ఇప్పుడు నాకు నోరు తగ్గిందని ఇంట్లోవాళ్ళు అంటారు. తగ్గలేదు. ఎవరినైనా కడిగేద్దామని నోరు తెరిస్తే, కళ్ళు ముందు గుంపు చివరిదాకా వెళ్ళి ఎవరున్నారో చూసి వస్తున్నాయి, ఆలోపల సగం కోపం చల్లారుతోంది. దుమ్ములో గిరగిరా తిరిగిన ఆ పిల్ల గుర్తొస్తే సిగ్గేస్తుంది, ఆ వెంటనే నవ్వూ వస్తుంది. తన ఇంటిల్లిపాదినీ తానే శపిస్తుంటే, ఆ తిట్లన్నీ మోసుకుంటూ కూడా 'నా బిడ్డే' అని చెప్పుకోవాలని తహతహలాడిన మనిషి ఒకడు తన వెనకే నిలబడి ఉన్నాడని దానికేం తెలుసు పాపం.