రెండో ప్రకటనలోని గొంతు

ఆఫీసులో నన్ను లెక్కల పిచ్చిదంటారు. అననీ. ఏ ప్రకటన బాగుందో తేల్చడానికి మీటింగులో ఒకరి మీద ఒకరు అరుచుకునే బదులు, రెండింటినీ జనంలోకి వదిలి, ఎన్నిసార్లు నొక్కారో స్ప్రెడ్‌షీట్‌లో పోసి, టీ-టెస్ట్ పెట్టి చూడండి మహాప్రభో అని మొత్తుకునేది నేనొక్కదాన్నే. తేడా నిజమా, గాలివాటమా అన్నది ఒక్క అంకె చెప్పేస్తుంది. అది సున్నాకి ఎంత దగ్గరైతే గాలివాటానికి అంత తక్కువ చోటు. మద్దిలపాలెంలోని మా చిన్న ఆఫీసులో ఆ అంకెని దేవుణ్ణి నమ్మినట్టు నమ్మాను.

ఫిషింగ్ హార్బర్ నుంచి ఇళ్లకి చేపలు పంపే దుకాణం ఒకటి మా దగ్గరికొచ్చింది. రెండు వీడియోలు చేశాం. రెండింట్లోనూ బొమ్మ ఒకటే, మంచు మీద వంజరాలు. మొదటిదానికి సంగీతం పెట్టాం. రెండోదానికి, సీతమ్మధారలో మా వీధికి పొద్దున్నే చేపల గంపెత్తుకొచ్చే ఆవిడ కేక పెట్టాం. రికార్డు చేసుకుంటానని అడిగితే ఆవిడ పకపకా నవ్వింది.

"ఓలమ్మా, నా అరుపుతో నీకేటి పనే? నా మొగుడే సెవులు మూసుకుంటాడు!"

అంటూనే గంప దించి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఒక్క కేక వేసింది. "సేపలమ్మా... సేపలు! వంజరాలు, సందువాలు!" వీధి చివర కుక్క కూడా లేచి చూసింది.

మొదటి రెండు వారాలు రెండు ప్రకటనలూ సమానంగానే నడిచాయి. నాకు చిర్రెత్తుకొచ్చింది. మూడో వారంలో రెండోది ఉన్నట్టుండి లేచింది, ఇక ఆగలేదు. ఐదు వారాలు నిండాక టెస్ట్ పెడితే అంకె సున్నాని అంటుకుని కూర్చుంది. కుర్చీలోనే ఎగిరి గంతేశాను. ఏ వేళలో ఎక్కువ నొక్కుతున్నారో చూద్దామని వరసలు విడదీశాను. పొద్దున్న ఏడుంపావు. రోజూ అదే. ఒక్క పావుగంట ధారగా నొక్కడం, ఆపైన అంతా మామూలే. సరిగ్గా ఆవిడ మా వీధిలోకొచ్చే వేళ.

ఈ మధ్య ఆ కేక వినలేదని అప్పుడు తట్టింది. సాయంత్రం ఎదురింటావిడని అడిగాను.

"నీకు తెలీదేటి? గుండాగి ఎల్లిపోనాది గదే పాపం. మూడు వారాలవతంది."

తారీఖు అడిగి షీటులో చూసుకున్నాను. రెండో ప్రకటన లేచింది ఆవిడ పోయిన మర్నాటి నుంచి. మర్నాడు పొద్దున్న ఏడుంపావుకి ఫోన్లో ఆ లెక్కే చూస్తూ కూర్చున్నాను. ఒకటి. రెండు. మూడు. నా కళ్ల ముందే అంకె కదులుతోంది, ఎవరో తలుపు తట్టినట్టు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, లేచి వెళ్లి గొళ్లెం వేసుకున్నాను. ఆఫీసుకెళ్లగానే గెలుస్తున్న ప్రకటనని ఆపేశాను. ఎందుకని అడిగినవాళ్ల మీద కసురుకున్నాను.

మూడు రోజుల తర్వాత దుకాణం యజమాని ఫోన్ చేశాడు. ఎవరో ముసలాయన వచ్చి కూర్చున్నాడు, ప్రకటన ఆపినవాళ్లని పిలిస్తే గానీ కదలనంటున్నాడని. వెళ్లాను. వలల కుప్ప పక్కన ఒకాయన, గళ్ల లుంగీ, చేతిలో పగిలిన ఫోను.

"నువ్వేనామ్మా ఆపేసినావు? మూడు దినాలయింది, మా ఆడది రాలేదు."

ఈయన ఆవిడ భర్త అని అప్పుడర్థమైంది. ఆయనే చెప్పాడు. ఆవిడ పోయిన మర్నాడు ఏదో చూస్తుంటే ఫోన్లోంచి కేక వినబడిందట. నొక్కితే మళ్లీ వచ్చిందట. "ఇక రోజూ అది ఈదుల్లో తిరిగే ఏళకి కూకుని నొక్కతన్నాను. ఎన్నిసార్లంటే ఏటి సెప్తాను?"

ఒక్కో నొక్కూ ఒక్కో మనిషి అనుకున్నాను. మనుషుల్ని లెక్కపెట్టాల్సింది, నొక్కుల్ని లెక్కపెట్టాను. ఊళ్లో అందరికీ పాఠాలు చెప్పేదాన్ని, ఒక్క ముసలాయన బొటనవేలికి విజయమని పేరు పెట్టాను. పైగా ఈ ప్రకటనలు ఎవరు నొక్కితే వాళ్లకే మళ్లీ మళ్లీ కనబడతాయి. ఆయన నొక్కేకొద్దీ ఆవిడ ఆయన దగ్గరికే వెళ్లింది.

సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. అసలు రికార్డుని ఆయన ఫోన్లో వేసి వినిపించాను. ఒక్కసారి విని తల అడ్డంగా ఊపాడు.

"ఇది నాను పిలిస్తే పలుకుతాది. అదలా కాదమ్మా. నాను నా మానాన ఉంటే దానంతటదే వచ్చి పిలిసీది. బతికున్నపుడూ అంతే."

యజమానికి విసుగొచ్చింది. "ఇంతకీ మేడమ్, మీ టెస్టులో ఏది గెలిచింది? అదే ఉంచేద్దాం."

ఈయన నొక్కినవి తీసేస్తే రెండూ సమానమే. ఏదీ గెలవలేదు. ఇన్నేళ్లలో తప్పుడు ఫలితం నా నోట రాలేదు.

"రెండోదేనండీ" అన్నాను. అక్కడే నిలబడి నా ఫోన్లోంచి దాన్ని మళ్లీ నడిపించాను.

"రేపొస్తాదా?" అన్నాడు ముసలాయన.

అది ఎవరి ఫోన్లోకి వెళ్తుందో నా చేతిలో లేదు. "తెలీదు తాతా" అన్నాను. ఆయన ఫోను జేబులో వేసుకోలేదు. చేతిలోనే పట్టుకుని, దాన్నే చూసుకుంటూ ఇంటికి నడిచాడు.